20×30 జాగాలో ఆధునిక శిల్పం తీరులో ప్రదర్శన తోట: బొమ్మల కంటే ముందు నీడ చూసుకోండి

మీరు అడిగింది ఇదీ. నల్గొండ దగ్గర మీ ఇంటివాళ్ల నర్సరీ. జనవరి చివరి వారంలో హైదరాబాద్‌లో జరిగే పూల ప్రదర్శనలో మీకు 20×30 అడుగుల మూల ప్లాటు దొరికింది. 30 అడుగుల వైపు ఉత్తరం బాటకు, 20 అడుగుల వైపు తూర్పు బాటకు తెరిచి ఉంటాయి. దక్షిణం, పడమర వేరేవాళ్ల స్టాళ్లు. కట్టుకోవడానికి నాలుగు రోజుల టైమ్. ఇంగ్లండ్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ పనుల ఫొటోలు మీకు బాగా నచ్చాయి. అలాంటివి మూడు ఫైబర్‌లో చేయించి, లాన్ పరిచి, మధ్యలో ఫౌంటెన్, రాత్రికి రంగు లైట్లు, చుట్టూ నర్సరీలో ఉన్న 60 రకాల మొక్కలు పెడదామనుకుంటున్నారు. ఫైబర్ బొమ్మలు ఎక్కడ చేయిస్తారు, ఈ ప్లాను సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఫైబర్ బొమ్మలు చేయించకండి. మొదటి కారణం చట్టం. హెప్‌వర్త్ 1975లో చనిపోయారు. మన కాపీరైట్ చట్టంలో కళాకారులు పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు నడుస్తుంది, అంటే 2035 దాకా ఆమె శిల్పాలకు నకళ్లు చేసి ప్రదర్శనలో పెట్టడం సరికాదు. ఇంకో ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ 1986లో పోయాడు, ఆయనవి 2046 దాకా. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ఫొటో చూసి చేసిన ఫైబర్ బొమ్మ దూరం నుంచి ఆ ఆకారంలా కనిపిస్తుంది గానీ, దగ్గరికి వెళ్తే అందులో రాయి బరువు ఉండదు, ఉలి గుర్తు ఉండదు, ఎండ దాని మీద ఆగదు, జారిపోతుంది. ప్లాటు ముందు కట్టే తాడుకు ఆరడుగుల దూరంలో నిలబడి చూసే జనానికి అది వెంటనే తెలిసిపోతుంది. జడ్జీలకు ఇంకా ముందే తెలుస్తుంది.

మరి హెప్‌వర్త్ నుంచి ఏం తీసుకోవాలి? ఆమె 1949లో ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు ఊళ్లో ట్రెవిన్ స్టూడియో కొనుక్కున్నారు. చివరిదాకా అక్కడే ఉన్నారు, ఆరుబయటే రాయి చెక్కారు. పోయిన మరుసటి ఏడాది, 1976లో, అది మ్యూజియం అయింది. తోటలో శిల్పాలు చాలావరకు ఆమె పెట్టిన చోటే ఉన్నాయి. ఆ తోట ఫొటోలు మళ్లీ ఒకసారి తీసి చూడండి. ఈసారి బొమ్మను చూడకండి, బొమ్మ చుట్టూ చూడండి. ఆకుల నీడ శిల్పం మీద ఎలా పడింది, శిల్పంలోని రంధ్రం గుండా వెనక ఏం కనిపిస్తోంది, రెండు రాళ్ల నడుమ ఎంత జాగా వదిలారు. 1930ల మొదట్లో హెప్‌వర్త్, మూర్ ఇద్దరూ రాయిని అటునుంచి ఇటు తొలిచి చూపించారు. రంధ్రం పడగానే రాయి ముందు వైపు, వెనక వైపు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలవుతుంది. వెలుగు లోపలికి వస్తుంది. ఖాళీకి కూడా ఆకారం వస్తుంది. మీ తోటకు కావలసింది ఇదే: రాయి, ఖాళీ, ఎండ, నీడ. ఈ నాలుగూ కుదిరితే ఎవరి బొమ్మనూ కాపీ చేయాల్సిన పని ఉండదు.

ఈ నాలుగింటికీ మన దక్షిణ తెలంగాణలో కొదవ లేదు. మూర్ చదువుకునే రోజుల్లో, 1921లో, ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు నిలువురాళ్లను మొదటిసారి వెన్నెల్లో చూశాడు. ఆ రాళ్లు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. హెప్‌వర్త్ కూడా కార్న్‌వాల్ నిలువురాళ్ల మధ్య తిరిగి, తన శిల్పాల్లో కొన్నిటికి ఆ పేరే పెట్టారు. మనకు అలాంటివి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాయి. ఇప్పుడు నారాయణపేట జిల్లాలోకి వెళ్లిన ముడుమాల్‌లో, కృష్ణ ఒడ్డున, పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు నిలబడి ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా ఆ చోటు చేరింది. తోట డ్రాయింగ్ వేయకముందు అక్కడికి ఒకసారి వెళ్లి రండి. పొద్దున్నే వెళ్లండి. ఒక రాయి దగ్గర నిలబడి ఫొటో దిగి వచ్చేయకండి. రాళ్ల మధ్య నడవండి. రెండడుగులు వేసేసరికి ఒక రాయి ఇంకోదాని వెనక్కి పోతుంది, ఇంకో రెండడుగులకు మళ్లీ బయటికి వస్తుంది. మీ ప్లాటు ముందు బాట మీద నడిచే జనానికి జరగాల్సింది సరిగ్గా అదే.

మీకు ఇంకా దగ్గరిది పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోడుల కాలపు గుడి. పశ్చిమ వైపు గర్భగుడిలో వెనక గోడ మీద ఒక స్తంభపు నీడ పగలంతా ఒకే చోట నిలిచి కనిపిస్తుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు. ఎండ తిన్నగా లోపలికి పడి ఏర్పడే నీడ కాదది. బయటి వెలుతురు పక్కల నుంచి, మండపం స్తంభాల మధ్య ఖాళీల గుండా లోపలికి చేరుతుంది, ఆ ఖాళీల అమరిక వల్లే నీడ అక్కడ నిలబడుతుంది. దాదాపు వెయ్యేళ్ల కిందటే మన నల్గొండ మేస్త్రీలు స్తంభంతో పాటు స్తంభాల మధ్య జాగాను కూడా లెక్కవేసి కట్టారంటే, మనం 20×30 జాగాలో ఆ మాత్రం ఆలోచించకపోతే ఎలా?

ఇక లెక్కల్లోకి వద్దాం. జనవరి చివర్లో హైదరాబాద్‌లో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. నడినెత్తికి రాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు కూడా దాదాపు 55 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరడుగుల రాయిని నిలబెడితే అప్పుడు దాని నీడ నాలుగడుగుల పైచిలుకు, నేరుగా ఉత్తరానికి పడుతుంది. ఉదయం తొమ్మిదింటికి అదే రాయి నీడ పదకొండు అడుగులు దాటి వాయవ్యం వైపు సాగుతుంది. సాయంత్రం నాలుగింటికి అంతే పొడుగు, ఈసారి ఈశాన్యం వైపు. అంటే మీ నీడలన్నీ ఉత్తరం బాట మీద నిలబడ్డ మనిషి కాళ్ల దగ్గరికే వస్తాయి. ప్లాటు మీకు తెలియకుండానే బ్రహ్మాండంగా దొరికింది. జనం దక్షిణం వైపు నిలబడి చూసేదైతే ఎండ వాళ్ల వీపు మీద ఉండి, రాళ్లన్నీ చప్పగా, నీడ లేకుండా కనిపించేవి. ఇదే ప్రదర్శన మే నెలలోనో, ఆగస్టులోనో అయితే నేను వేరే ప్లాను చెప్పేవాణ్ని. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు, నిలువు రాయికి నీడే ఉండదు.

అందుకే లాన్ వద్దు. పచ్చగడ్డి మీద నీడ చదవడానికి రాదు, కలిసిపోతుంది. నేలంతా సన్న గ్రానైట్ చిప్స్, వాటి కింద స్టోన్ డస్ట్ పరచండి. లేత బూడిద రంగు మీద నీడ గీత గీసినట్టు పడుతుంది. మొరం కూడా మనదే, చవక, కానీ ఎర్రటి నేల మీద నీడ అంత తెగి కనిపించదు. మొరాన్ని మొక్కల మొదళ్ల దగ్గరికి మాత్రమే ఉంచండి.

దక్షిణం, పడమర స్టాళ్లను ఎలా కప్పాలని మీకు టెన్షన్ ఉన్నట్టుంది. జపనీస్ అమెరికన్ శిల్పి ఇసాము నొగూచీ కాలిఫోర్నియాలో కోస్టా మెసా అనే ఊళ్లో 1982లో ముగించిన కాలిఫోర్నియా సినారియో అనే శిల్ప తోట చూడండి. ఎకరంన్నర పైన జాగా, రెండు పక్కల అద్దాల ఆఫీసులు, మిగతా రెండు పక్కల పార్కింగ్ భవనాల తెల్లటి మొండిగోడలు. ఆ గోడల్ని ఆయన దాచలేదు. వాటినే తెరగా వాడుకుని ముందు బండరాళ్లు, ఒక నీటి కాలువ, కాక్టస్ దిబ్బ పెట్టాడు. మీరు కూడా రెండు గోడలు కట్టండి. వెదురు ఫ్రేము, దాని మీద గోనెపట్టా, పైన మట్టి పూత చాలు. దక్షిణం గోడ ఆరడుగులు మించనివ్వకండి. మించితే ఉదయం పూట దాని నీడే తోటలో సగాన్ని మింగేస్తుంది. ఆరడుగులకైతే తొమ్మిదింటికి ఆరడుగుల లోపలికి మాత్రమే వస్తుంది, కాబట్టి ముఖ్యమైన శిల్పం ఆ గోడకు తొమ్మిది, పది అడుగుల ఇవతల ఉండాలి. ఈ దక్షిణం గోడకు జాజు పూయండి. మనకు కనిపించే దాని లోపలి ముఖం ఎప్పుడూ నీడలోనే ఉంటుంది కాబట్టి ముదురు ఎరుపుగా, నెమ్మదిగా ఉంటుంది, దాని ముందు ఎండ తగిలిన గడ్డి వెన్నులు వెలిగినట్టు కనిపిస్తాయి. పడమటి గోడకు మాత్రం సున్నం వేయండి. పొద్దుటి ఎండ దాని మీద తిన్నగా పడుతుంది, ముందు నిలబెట్టిన రాళ్ల నీడలు ఆ తెల్లగోడ మీదికి ఎక్కుతాయి. ఉదయం వచ్చినవాళ్లకు అదొక్కటే చాలు కాసేపు నిలబడిపోవడానికి.

ఇప్పుడు శిల్పం. మూడు వద్దు, ఒకటే. ఆకారం కోసం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. పాత ఊళ్లలో, గడీల పక్కన, డంగు సున్నం నూరిన గానుగ రాతి చక్రాలు ఇప్పటికీ పడి ఉంటాయి. నడుమ రంధ్రం, అంచులు అరిగి సరిగ్గా గుండ్రంగా లేని చక్రం. రంధ్రం ఉన్న రాయి మనకు కొత్త కాదు, రోజూ పనిచేసిన వస్తువు. ఆ పాత చక్రాన్ని ఎత్తుకు రమ్మనడం లేదు. ఊరి వస్తువు ఊళ్లో ఉండాలి. దాని ముందు కూర్చుని బొమ్మ గీయండి, కొలతలు రాసుకోండి, ఆ అరుగుదల ఎటువైపు ఎక్కువ ఉందో చూడండి. అక్కడి నుంచి మీ ఆకారం పుడుతుంది.

ఆరడుగుల ఎత్తు, అడుగు మందం, రెండడుగుల రంధ్రం ఉన్న చక్రం అనుకుందాం. గ్రానైట్‌లో చెక్కిస్తే ఘనమీటరుకు 2.7 టన్నుల లెక్కన టన్నుముప్పావుకు పైన తూగుతుంది. నాలుగు రోజుల్లో కట్టే తోటకు అది అనవసరపు భారం. ఫెర్రోసిమెంట్‌లో, అంటే ఇనుప గూడు మీద సిమెంటు పూసి, చేయండి. శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో ఆరుబయట నిలబెట్టిన సంథాల్ కుటుంబం శిల్పం సిమెంటు, అక్కడి ఎర్ర గులకరాళ్లు కలిపి చేసిందే. ఆయనకు కంచు పోయించేంత డబ్బు లేకపోయినా పని చిన్నది కాలేదు. మన ఆధునిక శిల్పంలో అదొక పెద్ద మైలురాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. 6, 8 మి.మీ. చువ్వలతో గూడు కట్టించి, దాని మీద రెండు మూడు పొరలు కోడిమెష్ బిగుతుగా చుట్టి కట్టుతీగతో కుట్టాలి. వదులుగా ఉంటే సిమెంటు బోలుగా మోగి తర్వాత పగుళ్లు ఇస్తుంది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ల జల్లించిన ఇసుక, నీళ్లు వీలైనంత తక్కువ. అంగుళం మందం పూత. ఇలా చేస్తే మొత్తం నాలుగు క్వింటాళ్ల పైచిలుకులో అయిపోతుంది. పై పూతలో మామూలు ఇసుక బదులు గ్రానైట్ డస్ట్, సన్న చిప్స్ కలపండి. గట్టిపడుతున్నప్పుడు, మరీ ఆరిపోకముందే, తడి స్పంజితో, ఆ తర్వాత వైరు బ్రష్‌తో నెమ్మదిగా రుద్దితే పైన సిమెంటు పాలు పోయి లోపలి రాతి పలుకులు బయటపడతాయి. ఆ క్షణం పట్టుకోవడమే పని. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీకితే గీత పడాలి. అప్పుడు రుద్దాలి. మేస్త్రీకి ఈ పని కొత్తదైతే ముందు రెండడుగుల ముక్క మీద చేయించి చూడండి. పని అయ్యాక తడి గోనెసంచులు కప్పి కనీసం పది రోజులు తడుపుతూ ఉండాలి. డిసెంబర్ మొదటి వారానికల్లా ఇది మీ నర్సరీలో సిద్ధంగా ఉండాలి. రంగు వేయించకండి.

చక్రాన్ని ఎటు తిప్పి పెట్టాలన్నది దాని ఆకారమంత ముఖ్యం. మూలలో, అంటే ఈశాన్యంలో, ఎక్కువమంది ఆగుతారు. చక్రం ముఖం అటు తిప్పండి. పొద్దున ఎండ ఆ ముఖాన్ని ఒరుసుకుంటూ పక్కగా వెళ్తుంది, రాతి పలుకులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. పదిన్నర తర్వాత ఆ ముఖం నీడలోకి పోతుంది, రంధ్రం మాత్రం వెలుగుతూ ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దాదాపు వెనక నుంచి రంధ్రంలోకి చూస్తాడు. రంధ్రం నడుమ భాగం నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటే, చక్రం పొడుగాటి నీడ మధ్యలో, దాదాపు ఎనిమిదడుగుల అవతల, కోలగా ఒక వెలుగు ముద్ద పడుతుంది. అది పడే చోట మొక్క గానీ, బోర్డు గానీ పెట్టకండి, ఉత్త చిప్స్ ఉంచండి. నాలుగడుగుల ఎత్తు ఇంకోందుకు కూడా మంచిది. పెద్దవాళ్లు కాస్త అటూ ఇటూ జరిగి చూస్తారు, పిల్లలు మునివేళ్ల మీద లేచి చూస్తారు. ఇద్దరూ శరీరం కదిపి చూడాలి. పీఠం కట్టకండి. పీఠం ఎక్కితే అది విగ్రహం అయిపోతుంది, జనం దూరంగా నిలబడి దండం పెట్టే చూపుతో చూస్తారు. చిప్స్‌లోంచే లేచినట్టు ఉండాలి.

ఇవన్నీ నా మాట మీద నమ్మేయకండి. అట్టపెట్టెలు విప్పి, అతికించి, అదే కొలతలో ఒక చక్రం కోసి, మీ నర్సరీలో ఖాళీ జాగాలో ఉత్తరం, తూర్పు చూసుకుని నిలబెట్టండి. నల్గొండకూ హైదరాబాద్‌కూ ఎండ కోణంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డిసెంబర్ చివర్లో నీడలు ఇంకొంచెం పొడుగ్గా ఉంటాయి, అంతే. తొమ్మిదికి, పన్నెండున్నరకు, నాలుగింటికి సున్నంతో నీడల గీతలు గీయండి. మీ తోట డ్రాయింగ్ ఆ నేల మీదే తయారవుతుంది.

చక్రానికి తోడు కడీలు. చేనుకు కంచె వేసే రాతి కడీలే. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో ఎక్కడికి పోయినా దొరుకుతాయి. ఐదు చాలు, ఎత్తులు నాలుగడుగుల నుంచి ఏడడుగుల దాకా వేర్వేరుగా. మిషన్ కోతవి వద్దు, చేత్తో చీల్చినవి ఏరుకోండి. వాటి అందమంతా చీల్చిన అంచులో ఉంటుంది. చీల్చే చోటికి వెళ్లి ఒక గంట కూర్చోండి, మీకు చాలా తెలుస్తుంది. రాయి కొట్టేవాళ్లు ముందు బండను తట్టి చెవిపెట్టి వింటారు. తర్వాత ఒకే వరుసలో జానెడు దూరం కూడా లేకుండా చిన్న గుంటలు తొలిచి, ఒక్కోదాంట్లో ఒక ఇనుప చీల దించుతారు. సమ్మెటతో ఒకే చీలను గట్టిగా కొట్టరు. మొదటి దానికి ఒకటి, రెండోదానికి ఒకటి, అలా చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తారు. కొడుతుంటే ఖణేల్‌మనే మోత కాసేపటికి బొంగురు పోతుంది. అప్పుడు సమ్మెట కాసేపు ఆపుతారు. ఇంకో రెండు దెబ్బల్లో బండ పొడుగునా వెంట్రుకవాసి గీత తెరుచుకుంటుంది. ఆ గుంటల సగాలు కడీ అంచు మీద వరుసగా మిగిలిపోతాయి. దాన్ని నున్నగా చేయించకండి, ఆ అంచు తూర్పు వైపు తిప్పండి. పొద్దుటి ఎండకు ఒక్కో సగం గుంటలో ఒక్కో చిన్న నీడ నిలబడుతుంది. మీ బోర్డు మీద ఆ రాయి కొట్టినవాళ్ల పేరు, ఊరు, వాళ్లనడిగి, తప్పకుండా రాయండి. ఇది నా కోరిక అనుకోండి.

కడీల మధ్య దూరం సమానంగా ఉంచొద్దు. ఒకచోట జానెడున్నర, ఒకచోట మూడడుగులు. ఒకే గీత మీద కూడా వద్దు, కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి. ఉత్తరం బాట మీద ఒకరిని నడిపించి, మీరు వెనక నుంచి చూస్తూ కడీలు జరపండి. నడిచేవాళ్లకు చక్రం రంధ్రం ఒకసారి కనిపించి, కడీ వెనక దాగి, మళ్లీ కనిపించాలి.

ఏడడుగుల పొడుగు, 8×5 అంగుళాల కడీ దాదాపు 150 కిలోలు ఉంటుంది. మీద పడితే ప్రాణం పోతుంది. ప్రదర్శన స్థలాల్లో చాలాచోట్ల తవ్వనివ్వరు. అందుకే ముందే కడీ అడుగున అడుగు లోతు రంధ్రం వేయించి, 20 మి.మీ. చువ్వ ఎపాక్సీ జిగురుతో బిగించి, దాన్ని రెండడుగుల చదరపు ఇనుప ప్లేటుకు వెల్డింగ్ చేయించండి. ప్లేటు మీద ఇసుక బస్తాలు వేసి, వాటి మీద చిప్స్ కప్పేయండి. మొత్తం ప్లాటును సిమెంటు ఇటుకల అంచుతో అడుగున్నర ఎత్తు లేపితే బస్తాలూ, మొక్కల సంచులూ అన్నీ లోపల దాగిపోతాయి. చక్రానికీ ఇదే పద్ధతి, ప్లేటు ఇంకా పెద్దది. చివర్లో ఇద్దరు బలమైన మనుషుల్ని పిలిచి నెట్టించి చూడండి. కదిలితే మళ్లీ చేయండి.

మొక్కల దగ్గర మీకూ ఇంట్లోవాళ్లకూ మాట తేడా వస్తుందని నాకు తెలుసు. 60 రకాలు చూపించాలని ఏ నర్సరీ వాళ్లకైనా ఉంటుంది, అది మీ బతుకుదెరువు. వాటికి పక్కన చిన్న అమ్మకం బల్ల అడిగి తీసుకోండి. ఈ తోటలో మాత్రం నాలుగు రకాలే. ఒక దేవగన్నేరు, ముదురుది, సంచిలో పెరిగినది, నైరుతి మూలలో. జనవరికి ఆకు రాల్చి, లావాటి కొమ్మలు మొండిగా మిగులుతాయి. ఈశాన్యం నుంచి రంధ్రంలోకి చూస్తే ఆ కొమ్మలే కనిపించాలి. రెండోది ఫౌంటెన్ గ్రాస్, గుంపులుగా, దక్షిణం గోడ పొడుగునా కాకుండా దానికి ఏడెనిమిది అడుగుల ఇవతల, ఎండ తగిలే చోట. నవంబర్ మొదట్లో మొదలంటా కత్తిరిస్తే జనవరి చివరికి కొత్త వెన్నులు వస్తాయి. మూడోది మన గునుగు. బతుకమ్మ నాటికి చేలల్లో దానంతటదే పూస్తుంది, జనవరికి కావాలంటే అక్టోబర్ మొదట్లో ఒక విడత, రెండు వారాలకు ఇంకో విడత విత్తి నీళ్లు పెట్టి పెంచుకోండి. కొన్ని ఎండిన వెన్నులు కూడా ఉండనివ్వండి, వెలుగులో అవే బాగుంటాయి. నాలుగోది కిత్తనార, రెండో మూడో, తాడుకు దూరంగా. దాని ముల్లు పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది.

తపసి చెట్టు గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. నల్లమలలో, మన రాతి గుట్టల మీద, ఎండాకాలం ముందు ఆకు రాల్చి తెల్లటి ఒళ్లుతో నిలబడే ఆ చెట్టుకు మించిన శిల్పం లేదు. కానీ అడవి నుంచి పీకి తెచ్చిన చెట్టు ఐదు రోజుల ప్రదర్శన కోసం చచ్చిపోతుంది. తపసి బంక మీద బతికే చెంచు కుటుంబాల చెట్టు అది. విత్తనం నుంచి పెంచి పదేళ్ల తర్వాత మీ నర్సరీలో చూపించండి.

ఫౌంటెన్ తీసేయండి. నీళ్లు కావాలంటే చక్రానికి ఉత్తరాన నల్లటి కడప బండతో మూడు, నాలుగు అంగుళాల లోతు పళ్లెం, కదలని నీళ్లు. రంధ్రం నీళ్లలో ఇంకోసారి కనిపిస్తుంది. మన బోరు నీళ్లు పోయకండి, రెండు రోజుల్లో నల్ల బండ అంచున తెల్లటి ఉప్పు చార కడుతుంది. ఆర్‌ఓ నీళ్ల డబ్బాలు తెప్పించి, రోజూ తలుపులు తెరవకముందే పైన తేలే దుమ్ము పల్చటి గుడ్డతో తీసేయండి. లైట్లు రంగువి వద్దు. నేల దగ్గర, దేవగన్నేరు వెనక ఒకటి, చక్రం వెనక పక్కగా ఒకటి, రెండూ వెచ్చటి తెలుపు. చాలు.

నాలుగు రోజుల పనికి వరుస ఇలా పెట్టుకోండి. మొదటి రోజు అంచు ఇటుకలు, గోడలు. రెండో రోజు పొద్దున్నే హైడ్రా క్రేన్ పిలిచి చక్రం, కడీలు అన్నీ ఒకే పూటలో దించండి. హైడ్రా రెండుసార్లు వస్తే ఖర్చు రెండింతలు. అది వెళ్లిపోయేలోపు కడీల దూరాలు చూసుకోవాలి కాబట్టి నర్సరీలో గీసుకున్న గీతల కొలతలు చేతిలో ఉండాలి. మూడో రోజు దేవగన్నేరు, గడ్డి, సంచుల మధ్య మొరం. చిప్స్ నాలుగో రోజే, అందరి కాళ్లూ బయటికి వచ్చాక. మట్టి కాలితో తొక్కిన చిప్స్ మళ్లీ తెల్లబడవు. రాళ్ల లారీకి క్వారీ బిల్లు వెంట పెట్టుకోండి, దారిలో ఆపితే చూపించడానికి.

బోర్డు తెలుగులో రాయండి, నాలుగు వాక్యాలు. హెప్‌వర్త్ పనిని చూసి నేర్చుకున్నామని, ఆకారం డంగు సున్నం గానుగ నుంచి వచ్చిందని, కడీలు ఏ ఊరివో, మొక్కల పేర్లు. అంతకు మించి భావం ఏమిటో వివరించకండి.

విప్పేటప్పుడు ముందు మొక్కలు తీయండి, చివర కడీలు. తర్వాత ఇదంతా నర్సరీ ముందు శాశ్వతంగా పెడతామన్నారు కదా, అక్కడైతే కడీలను ప్లేట్ల మీద నిలబెట్టకుండా పొడుగులో మూడో వంతు భూమిలోకి దించండి. ఏడడుగుల కడీ నాలుగున్నరకు తగ్గుతుంది, కాబట్టి ఇప్పుడు కొనేటప్పుడే రెండు కడీలు పదడుగులవి తీసుకుని నర్సరీలో ఉంచుకోండి. ఎండాకాలం నీడలు అక్కడ వేరేగా పడతాయి, ఆ గీతలు మేలో మళ్లీ గీయండి. అట్టముక్కల చక్రం నిలబెట్టాక మూడు వేళల ఫొటోలు, కొలతలు ఇక్కడ పెడితే రంధ్రం ఎత్తు, కడీల దూరాలు చూసి చెప్తాను.